కారు దీపాలకు జబ్బు చేస్తే?

పిల్లలూ! ఎర్రగడ్డ అనగానే హైదరాబాదు వాళ్ళకు ఆసుపత్రులు గుర్తుకు వస్తాయి. ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం ఇక్కడే ఉన్నాయి. కొద్ది దూరంలో సనత్‌నగర్‌లో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. మంచి డాక్టరు రోగి దగ్గుతున్నాడని వెంటనే దగ్గు మందు రాసివ్వడు. ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నాడో అడుగుతాడు, గుండెల మీద గొట్టం పెట్టి వింటాడు, అవసరమైతే ఎక్స్‌రే తీయిస్తాడు. కనిపించేది లక్షణం. కనిపించనిది కారణం. లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా నడిచి వెళ్ళడమే రోగ నిర్ధారణ.

యంత్రాలకు కూడా జబ్బులు వస్తాయి. వాటికీ ఇదే పద్ధతి. పోయిన వానాకాలంలో మా వీధిలో ఒక కారుకు వచ్చిన వింత జబ్బు గురించి ఈ నెల చెబుతాను. ఆ జబ్బును నేను ఒక్కడినే కనిపెట్టలేదు. నా దగ్గర పదో తరగతి చదివే ఒక అమ్మాయి కనిపెట్టించింది.

ఆ అమ్మాయి తండ్రి టాక్సీ డ్రైవరు. రాత్రిపూట శంషాబాదు విమానాశ్రయానికి ఎక్కువగా తిరుగుతాడు. ఒక ఆదివారం ఉదయం ఆయన నా దగ్గరకు వచ్చి, "సార్, బ్రేకు కొడితే ఎడమ ఇండికేటరు సన్నగ వెలుగుతున్నది. బల్బు రెండుసార్లు మార్చిన. లైటు సెట్టు మొత్తం మార్చాలె, వైరింగు గూడ చూడాలె అంటున్నరు. అంత ఖర్చు నాతోని కాదు. రాత్రి ఒక లారీ నా వెనకనే వచ్చి గీసుకుంటట్టు ఆగింది. ఆ లారీ డ్రైవరు, నువ్వు బ్రేకు కొట్టినట్టు నాకు కానరాలేదన్నడు" అన్నాడు.

ఆయన వెనక నిలబడ్డ అమ్మాయి ముఖం చూశాను. రోజూ రాత్రి నాన్న ఇల్లు చేరేదాకా ఆ పిల్ల నిద్రపోదని నాకు తెలుసు. అందుకే ఆ చిన్న ఎర్ర దీపం ఆ పూట మాకు చాలా పెద్ద విషయమైంది.

ఒక్క తీగతో వలయం ఎలా?

విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తి కావాలని ఏడో తరగతిలోనే చదువుకున్నారు. బ్యాటరీ ఒక కొన నుంచి బయలుదేరిన ప్రవాహం బల్బులోంచి పోయి, రెండో కొనకు తిరిగి చేరాలి. అంటే ప్రతి బల్బుకూ రెండు తీగలు ఉండాలి గదా! కాని కారులో ఏ దీపం దగ్గర చూసినా, బ్యాటరీ పాజిటివ్ వైపు నుంచి వచ్చే తీగలే పొడవుగా కనిపిస్తాయి. తిరిగి వెళ్ళే దారి ఏది?

ఆ దారి కారు ఒళ్ళే. కారు బాడీ ఇనుప రేకుతో చేసింది. ఇనుము విద్యుద్వాహకం. బ్యాటరీ నెగటివ్ కొనను ఒక లావాటి తీగతో బాడీకి బిగిస్తారు. ప్రతి దీపం దగ్గరా ఒక చిన్న నల్ల తీగను దగ్గరలో ఉన్న రేకుకు మరతో బిగిస్తారు. దీనినే మెకానిక్కులు 'ఎర్తు' అంటారు. ఇది భూమికి కలిపే తీగ కాదు. కారు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది గనుక భూమితో దీనికి సంబంధం లేదు. ఇంట్లో ఎర్తు వేరు, కారులో ఎర్తు వేరు. కారులో ఎర్తు అంటే తిరుగు దారి అని అర్థం.

పూర్వం కార్లకు విద్యుత్ దీపాలే ఉండేవి కావు. కాల్షియం కార్బైడు మీద నీటి చుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువును వెలిగించి దారి చూసుకునేవారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ కార్లకు బ్యాటరీతో స్టార్టరూ దీపాలూ కలిపి అమర్చింది. దాని వెనక ఉన్న ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆ తరువాత చాలాకాలం కార్లలో 6 వోల్టుల బ్యాటరీలు వాడారు. 1950ల నుంచి 12 వోల్టులు వాడుకలోకి వచ్చింది. మన కార్లలో ఉన్నది అదే. దాంట్లో ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులిచ్చే 6 సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి.

మా పక్కనే ఉన్న సనత్‌నగర్ ప్రాంతంలో ఒకప్పుడు హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారం ఉండేది. 1942లో స్థాపించిన ఆ సంస్థ రిఫ్రిజిరేటర్లతో పాటు బస్సుల బాడీలు కూడా తయారు చేసింది. బస్సయినా, లారీ అయినా, కారయినా దీపాల సూత్రం ఒకటే: పోవడానికి తీగ, తిరిగి రావడానికి బాడీ.

ఒకే బల్బు, రెండు పనులు

కారు వెనక ఎర్ర దీపాన్ని గమనించారా? రాత్రి అది సన్నగా వెలుగుతూ ఉంటుంది. బ్రేకు నొక్కగానే ప్రకాశవంతం అవుతుంది. చాలా కార్లలో ఇది ఒకే బల్బు. దాని లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి 5 వాట్లది, టెయిల్ లైటు కోసం. రెండోది 21 వాట్లది, బ్రేకు లైటు కోసం. ఆ బల్బు మూతికి రెండు వైపులా ఉన్న చిన్న మేకులు ఒకే ఎత్తులో ఉండవు. ఎందుకో ఊహించగలరా? బల్బును తిరగేసి పెట్టకుండా ఉండటానికి. అలా పెడితే టెయిల్, బ్రేకు తారుమారై పోతాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. సామర్థ్యాన్ని వోల్టేజీతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. 21 వాట్ల ఫిలమెంటుకు 21ని 12తో భాగిస్తే 1.75 ఆంపియర్లు. ఓమ్ నియమం ప్రకారం దాని నిరోధం 12 ÷ 1.75, అంటే సుమారు 7 ఓములు. 5 వాట్ల ఫిలమెంటు నిరోధం సుమారు 29 ఓములు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. తరువాత మనకు పనికి వస్తాయి. ఇవి ఫిలమెంటు బాగా వేడెక్కి వెలుగుతున్నప్పటి నిరోధాలు. చల్లగా ఉన్నప్పుడు ఇంకా చాలా తక్కువ ఉంటుంది.

మీటరు నన్ను మోసగించింది

కారును మా ఇంటి ముందు చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేయించాను. డిక్కీ తెరిచి ఎడమ వైపు దీపం వెనక భాగం బయటకు తీశాం. బల్బు బాగానే ఉంది. రెండు ఫిలమెంట్లూ తెగలేదు. కుడి వైపు బల్బుతో మార్చి చూశాం. జబ్బు ఎడమ వైపే ఉండిపోయింది. అంటే తప్పు బల్బుది కాదు.

బడి ప్రయోగశాల నుంచి తెచ్చిన మల్టీమీటరు తీశాను. బల్బు తీసేసి, మీటరు ఎర్ర కడ్డీని హోల్డరులో బ్రేకు లైటు మొన మీద ఉంచాను. నల్ల కడ్డీని డిక్కీలో మెరుస్తున్న ఒక మర మీద ఆనించాను. డ్రైవరుగారు బ్రేకు నొక్కారు. మీటరు 12 వోల్టుల పైన చూపించింది. "కరెంటు బాగానే వస్తోంది" అన్నాను ధైర్యంగా.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "సార్, బల్బు ఆ మరను ముట్టుకోదు కదా! హోల్డరునే ముట్టుకుంటది. నల్ల కడ్డీ కూడ అక్కడే పెట్టాలి కదా?" అంది.

నిజమే! నేను కొలిచింది వచ్చే దారిని మాత్రమే. తిరుగు దారిని కొలవనే లేదు. నల్ల కడ్డీని హోల్డరు లోపలి లోహానికి ఆనించాను. మీటరు మళ్ళీ 12కు దగ్గరగానే చూపించింది! ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం.

మీరు చెప్పండి, ఇక్కడ ఎక్కడ పొరపాటు జరిగింది? వోల్ట్‌మీటరు నిరోధం చాలా ఎక్కువ. దానిలోంచి పోయే ప్రవాహం బహు స్వల్పం. ఒక దారిలో తుప్పు పట్టిన అతుకు ఉందనుకోండి. ప్రవాహం దాదాపు సున్నా అయితే, ఆ అతుకు దగ్గర వోల్టేజీ తగ్గదు. ఇరుకు సందులో ఒక్క మనిషి నడిచి వెళితే సందు ఇరుకని తెలియదు. పెళ్ళి ఊరేగింపు వచ్చినప్పుడు గదా తెలిసేది! బల్బుకు కావలసింది 1.75 ఆంపియర్లు. అంత ప్రవాహం పోనిచ్చి చూస్తే గాని దారి సంగతి తెలియదు.

అందుకే ఆటో ఎలక్ట్రీషియన్లు మీటరుతో పాటు టెస్ట్ ల్యాంపు వాడతారు. అది మరేమీ కాదు, ఒక 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు. ఒకదానికి క్లిప్పు, రెండో దానికి మొన. మేము 21 వాట్ల ఇండికేటరు బల్బుతో ఒకటి చేసుకున్నాం. ముందు దాన్ని నేరుగా బ్యాటరీకి తగిలించి, బాగా వెలుగుతోందని నిర్ధారించుకున్నాం. పరీక్ష చేసే పనిముట్టునే ముందు పరీక్షించాలి. ఇది మరచిపోకండి.

ఆ టెస్ట్ ల్యాంపును బ్రేకు లైటు మొనకూ, డిక్కీ మరకూ మధ్య పెడితే ధగధగా వెలిగింది. బ్రేకు లైటు మొనకూ, హోల్డరు లోహానికీ మధ్య పెడితే నిప్పుకణంలా ఎర్రగా మిణుకుమంది. జబ్బు ఎక్కడో తేలిపోయింది. పోయే దారి బాగుంది. తిరుగు దారి మూసుకుపోయింది.

ఆఖరి రుజువు కోసం బల్బును మళ్ళీ హోల్డరులో పెట్టి, బ్రేకు నొక్కించి, హోల్డరు లోహానికీ బ్యాటరీ నెగటివ్ కొనకూ మధ్య వోల్టేజీ కొలిచాం. ఎర్తు బాగుంటే అక్కడ దాదాపు సున్నా ఉండాలి. మాకు 7 వోల్టుల పైచిలుకు కనిపించింది. దీపానికి చేరవలసిన 12 వోల్టులలో సగానికి పైగా దారిలోనే ఖర్చవుతోంది!

దారి మూస్తే నీరు ఎటు పోతుంది?

ఎర్తు లేకపోతే బ్రేకు లైటు ఆరిపోవాలి గదా, మరి ఇండికేటరు ఎందుకు వెలిగింది? ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న ఇది. ఇందులోనే అసలు తమాషా ఉంది.

ఎడమ వైపు వెనక దీపంలో టెయిల్, బ్రేకు, ఇండికేటరు బల్బులన్నిటికీ కలిపి ఒకే ఎర్తు తీగ. అది ఊడిపోయిందనుకోండి. బ్రేకు ఫిలమెంటులోంచి వచ్చిన ప్రవాహం ఆ ఉమ్మడి కూడలి దాకా వస్తుంది. బాడీలోకి దిగే దారి మూసి ఉంది. అప్పుడది పక్కనున్న ఇండికేటరు బల్బులోకి వెనక నుంచి దూరుతుంది. అక్కడి నుంచి ఇండికేటరు తీగ పట్టుకుని కారు ముందుకు పోయి, ముందు ఇండికేటరు బల్బు గుండా అక్కడి ఎర్తులోకి దిగుతుంది. కాలువకు గండి పూడిస్తే నీరు పక్క పొలంలోంచి పోయినట్లే.

అంటే సమాంతర సంధానంలో ఉండవలసిన బల్బులు శ్రేణి సంధానంలోకి మారాయి. మూడూ 21 వాట్ల ఫిలమెంట్లే. 7 + 7 + 7 = 21 ఓములు. ప్రవాహం 12 ÷ 21, అంటే సుమారు 0.57 ఆంపియరు. ఒక్కొక్క బల్బుకు 4 వోల్టులే దక్కుతాయి. అందుకే మూడూ సన్నగా వెలిగాయి. కూడలి దగ్గర వోల్టేజీ ఎంత? ముందున్న రెండు బల్బులకు 4 + 4 = 8 వోల్టులు. మా మీటరు చూపిన అంకె దీనికి దగ్గరగానే ఉంది చూశారా! కొంచెం తేడా ఎందుకంటే, తుప్పులోంచి కూడా కొంత ప్రవాహం పోతోంది. పైగా తక్కువ వేడిలో ఫిలమెంట్ల నిరోధం మన లెక్క కంటే తక్కువగా ఉంటుంది.

రాత్రి ఏం జరిగిందో కూడా ఇదే లెక్క చెబుతుంది. టెయిల్ లైటు ఒక్కటే వేసినప్పుడు 29 ఓముల ఫిలమెంటు, దాని వెనక రెండు ఇండికేటరు బల్బుల 14 ఓములు. 12 వోల్టులలో మూడింట రెండు వంతులు టెయిల్ లైటుకే దక్కుతాయి. అందువల్ల అది చూపుకు ఫరవాలేదనిపిస్తుంది, డ్రైవరుకు అనుమానమే రాదు. బ్రేకు నొక్కగానే బ్రేకు ఫిలమెంటు ప్రవాహం కూడా అదే ఇరుకు దారిలోకి వచ్చి పడుతుంది. కూడలి వోల్టేజీ ఎనిమిదిన్నర దాకా పెరుగుతుంది. టెయిల్, బ్రేకు ఫిలమెంట్లు రెండింటికీ మిగిలేది మూడున్నర వోల్టులే. అంటే బ్రేకు నొక్కినప్పుడు మరింత వెలగవలసిన దీపం, అంతకు ముందు కంటే మసకబారుతుంది!

కుడి వైపు దీపం మామూలుగానే వెలిగింది నిజమే. కాని వానలో, చీకటిలో దూరం నుంచి చూసేవాడికి ఒక్క దీపం స్కూటరులా కనిపిస్తుంది. ఆ లారీ డ్రైవరు అబద్ధం చెప్పలేదు.

ఈ సంగతి వినగానే డ్రైవరుగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బల్బు వెలుగుతున్నది గద అని నేను పట్టించుకోలేదు సార్" అన్నాడు.

తుప్పు ఎందుకు పట్టింది?

నల్ల తీగ వెంట చేత్తో తడుముకుంటూ పోతే, డిక్కీ మూలలో ఒక మర దగ్గర ఆగింది. పైకి గట్టిగానే బిగించి ఉంది. విప్పి చూస్తే కింద ఎర్రని తుప్పు, పక్కన ఆకుపచ్చని పొడి. దీపం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఒకచోట చీలి, వాన నీరు సన్నగా ఆ మూలకు చేరుతోంది.

తీగ కొన రాగిది. బాడీ ఇనుముది. మధ్యలో తేమ. ఇది మీకు తెలిసిన పాఠమే! రెండు వేర్వేరు లోహాలు, ఒక విద్యుద్విశ్లేష్యం కలిస్తే ఘటం తయారవుతుంది. లోహాల చర్యాశీలత శ్రేణిలో ఇనుము రాగి కంటే పైన ఉంది. కాబట్టి ఇనుము క్షయమవుతుంది. తుప్పు విద్యుత్తును సరిగా పోనివ్వదు.

గరుకు కాగితంతో రేకునూ, తీగ కొననూ మెరిసేదాకా రుద్దాం. పళ్ళున్న వాషరు వేసి మర బిగించాం. పైన పెట్రోలియం జెల్లీ పూశాం. చీలిన రబ్బరు పట్టీని మార్చమని చెప్పాం. మళ్ళీ కొలిస్తే హోల్డరు దగ్గర 0.1 వోల్టు. బ్రేకు నొక్కగానే రెండు దీపాలూ ఒకేలా భగ్గుమన్నాయి. ఇండికేటరు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఖర్చు? ఒక గరుకు కాగితం, ఒక వాషరు.

ముందు పక్కింటి వైపు చూడండి

ఇంట్లో కరెంటు పోతే మీరు మొదట ఏం చేస్తారు? కిటికీలోంచి పక్కింటి వైపు చూస్తారు. అక్కడా లేకపోతే తప్పు వీధిలో ఉంది. అక్కడ ఉండి మనకు లేకపోతే తప్పు మన ఇంట్లో ఉంది. ఒక్క గదిలోనే లేకపోతే ఆ గదిలో ఉంది. కారు దీపాలకూ ఇదే సూత్రం. ఏది పోయింది అనే కాదు, ఏవేవి కలిసి పోయాయి, ఏవి బాగున్నాయి అని అడగండి.

1. ఒక్క దీపమే వెలగకపోతే: బల్బు, హోల్డరు, ఆ దీపం ఎర్తు.

2. రెండు బ్రేకు లైట్లూ వెలగక, టెయిల్ లైట్లు బాగుంటే: బ్రేకు ఫ్యూజు, లేదా బ్రేకు పెడల్ దగ్గర ఉండే స్విచ్చి. కాలు తీసినా బ్రేకు లైట్లు ఆరకపోతే కూడా ఆ స్విచ్చినే అనుమానించాలి.

3. ఒక వైపు ఇండికేటరు మామూలు కంటే చాలా వేగంగా కొట్టుకుంటే: ఆ వైపు ఒక బల్బు పోయి ఉంటుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లు ఈ విధంగా డ్రైవరును హెచ్చరిస్తాయి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరడం ఆరోగ్యం.

4. ఇండికేటరు వేసినప్పుడు టెయిల్ లైటు దానికి ఎదురుగా కొట్టుకుంటే, అంటే ఇది వెలిగితే అది ఆరితే: ఉమ్మడి ఎర్తు పోయింది.

5. రెండు హెడ్‌లైట్లలో ఒకటే మసకగా ఉంటే: ఆ వైపు అతుకులో, ఎర్తులో నిరోధం పెరిగింది. బల్బుకు 10 శాతం వోల్టేజీ తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గిపోతుంది!

6. ఇంజను ఆపినప్పుడు దీపాలన్నీ నీరసంగా, ఇంజను నడిచేటప్పుడు ప్రకాశవంతంగా ఉంటే: బ్యాటరీ సంగతి చూడాలి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువై బల్బులు తరచు మాడిపోతుంటే ఆల్టర్నేటరు నియంత్రకం చెడింది.

ఫ్యూజు కాపలాదారు

హెడ్‌లైట్లు రెండూ కలిసి 120 వాట్లు వాడుకుంటే ప్రవాహం 10 ఆంపియర్లు. ఎక్కడైనా తీగ ఒరిసి బాడీకి తగిలితే, నిరోధం సున్నాకు దగ్గరై ప్రవాహం వందల ఆంపియర్లకు పోవచ్చు. తీగ మాడి కారు తగలబడకుండా ఫ్యూజు ముందుగా కరిగి ప్రాణత్యాగం చేస్తుంది. కారు ఫ్యూజులకు రంగులుంటాయి: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు. కరిగిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం కాపలావాణ్ణి తరిమేసి తలుపులు తెరిచి పడుకోవడం వంటిది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే, కారణం వెతకాలే గాని మూడో ఫ్యూజు వేయకూడదు.

జాగ్రత్తలు

పెద్దవాళ్ళు పక్కన లేకుండా కారు జోలికి పోవద్దు. రోడ్డు మీద, వాహనాల మధ్య పరీక్షలు చేయవద్దు.

12 వోల్టులు షాకు కొట్టవు గదా అని తేలికగా తీసుకోవద్దు. చేతి ఉంగరం బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఉంగరాలు, గాజులు, గడియారం తీసి పెట్టండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు. దాని దగ్గర నిప్పురవ్వ పనికిరాదు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ కొన ముందు విప్పాలి. ఎందుకో మీరే ఆలోచించండి: స్పానరు పొరపాటున బాడీకి తగిలితే ఏ కొన దగ్గర ప్రమాదం?

హాలోజన్ బల్బు గాజును వేళ్ళతో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు తొందరగా పాడవుతుంది. జీనాన్ హెడ్‌లైట్లలో వెలిగించేటప్పుడు వేల వోల్టులు పుడతాయి. వాటిని అసలు తాకవద్దు. కొత్త కార్లలో పసుపు రంగు తొడుగున్న తీగలు గాలి సంచులవి. వాటిలో మొన గుచ్చకూడదు. ఎల్.ఇ.డి. దీపాలూ కంప్యూటరూ ఉన్న కార్లకు టెస్ట్ ల్యాంపు పెట్టడం నిపుణుల పని.

ఎల్.ఇ.డి. అంటే గుర్తొచ్చింది. ఫిలమెంటు వేడెక్కి వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్.ఇ.డి. తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ అయిదో వంతు సెకనులో సుమారు 3.3 మీటర్లు ముందుకు వస్తుంది. దాదాపు ఒక కారు పొడవు! బ్రేకు దీపం చెప్పే కబురు ఎంత త్వరగా అందితే అంత మేలు.

మీరూ చేసి చూడండి

మూడు టార్చి సెల్లులు, 4.5 వోల్టులకు సరిపోయే ఒకే రకం టార్చి బల్బులు మూడు, ఒక స్టీలు పళ్ళెం, కొన్ని తీగలు తీసుకోండి. ఎల్.ఇ.డి.లు దీనికి పనికిరావు. పళ్ళెమే మన కారు బాడీ. సెల్లులను వరుసగా కలిపి, నెగటివ్ కొనను పళ్ళానికి కలపండి.

మొదటి బల్బు బ్రేకు లైటు. దాని ఒక కొన సెల్లుల పాజిటివ్‌కు, రెండో కొన 'క' అనే కూడలికి కలపండి. రెండో బల్బు వెనక ఇండికేటరు. దాని ఒక కొన 'క' కూడలికి, రెండో కొన మూడో బల్బుకు కలపండి. మూడో బల్బు ముందు ఇండికేటరు. దాని మిగిలిన కొన పళ్ళానికి కలపండి. ఇప్పుడు 'క' కూడలి నుంచి పళ్ళానికి ఒక తీగ వేయండి. ఇది ఎర్తు. మొదటి బల్బు ఒక్కటే బాగా వెలుగుతుంది. ఆ ఎర్తు తీగను తీసేయండి. మూడు బల్బులూ సన్నగా ఎర్రగా వెలుగుతాయి. వెలుతురు సరిగా కనిపించకపోతే చీకటి గదిలో చూడండి. మా వీధి కారు జబ్బు మీ బల్ల మీదికి వచ్చిందన్నమాట!

తరువాతి వారం మేమిద్దరం ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్ళి, పాత సామాన్లలో ఒక వాడేసిన కారు వెనక దీపం కొన్నాం. దాన్ని చెక్క మీద బిగించి, ఎర్తు దగ్గర ఒక స్విచ్చి పెట్టాం. ఇప్పుడు మా పదో తరగతి పిల్లలు ఆ స్విచ్చి ఆపి, వేసి, శ్రేణి సంధానం, సమాంతర సంధానం కళ్ళారా చూస్తున్నారు.

వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. డ్రైవరు తన సీటులో కూర్చుని ఆ దీపాన్ని చూసుకోలేడు. అందుకే ఈ రాత్రి మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఎవరైనా బండి తీస్తుంటే, ఒక్క నిమిషం వెనక నిలబడి టెయిల్ లైటు, బ్రేకు, రెండు ఇండికేటర్లు వేయించి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉన్నాయో లేదో చెప్పండి. మా విద్యార్థిని రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న బయలుదేరే ముందు ఆ పని చేస్తోంది. చేయి పైకెత్తి "అన్నీ బాగున్నయి నాన్నా!" అంటుంది. అప్పుడు గాని ఆయన కారు మెట్రో స్తంభాల పక్క నుంచి పెద్ద రోడ్డెక్కదు.